ఉరుక్ చూడాలంటే సమావాలో దిగండి

దక్షిణ ఇరాక్‌లోని నాసిరియాలో మేం మాట్లాడుకున్న టాక్సీ అతని మీద కోపం ఇంకా చల్లారలేదు, కాబట్టి ముందు ఆ సంగతే రాస్తాను. వేల ఏళ్ళ నాటి సుమేరు నగరాలైన ఊర్, ఉరుక్ రెండూ చూపించి తీసుకొస్తానని 1,20,000 ఇరాకీ దీనార్లకు ఒప్పుకున్నాడు. ఊర్ చూసి రాగానే మాట మార్చాడు. ఉరుక్ దారిలో చెక్‌పోస్టులున్నాయట, ఇంకో 75,000 కావాలట. సరే, ఇస్తామన్నాం. ఫోన్ పట్టుకుని పక్కకెళ్ళి చాలాసేపు మాట్లాడి వచ్చి, ఇవాళ కుదరదన్నాడు. హోటల్ దగ్గర దింపి, మొదట అనుకున్న డబ్బు మొత్తం వసూలు చేసుకునే కదిలాడు. ఆ రాత్రి మా ఆయన నోరు విప్పలేదు, అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఊర్ టికెట్ మనిషికి 25,000. చంద్రదేవుడు నన్నా కోసం క్రీ.పూ. 21వ శతాబ్దంలో ఉర్-నమ్ము రాజు మొదలుపెట్టిన జిగ్గురాత్ అది, అంటే అంతస్తులు అంతస్తులుగా లేచే ఎత్తైన కట్టడం, దాని పైన గుడి. ఫొటోల్లో కనిపించే ఆ నున్నటి గోడలు, మెట్లు చాలావరకు 1980లలో సద్దాం కాలంలో మళ్ళీ కట్టినవే. పైనున్న గుడి ఎప్పుడో పోయింది. చూడాల్సిందే, కానీ నన్నా కూతురే ఉరుక్ దేవత ఇనన్నా. తండ్రి ఊరు చూసి కూతురి ఊరు చూడకుండా ఎలా వెళ్ళిపోతాం?

పైగా బాగ్దాద్ మ్యూజియంలో, ఉరుక్‌లో దొరికిన వార్కా పాత్ర (ఉరుక్‌కి ఇప్పటి పేరే వార్కా) చూసినప్పటి నుంచి నా ప్రాణమంతా ఉరుక్ మీదే ఉంది. సుమారు ఐదు వేల ఏళ్ళ నాటి రాతిపాత్ర, మీటరు ఎత్తుంటుంది. అడుగున నీళ్ళు, వాటి మీద పైరు, ఆపైన గొర్రెలు, ఇంకా పైన బుట్టలు మోస్తూ వరసగా నడిచే మనుషులు. అన్నిటికన్నా పైన ఇనన్నాకు కానుకలు అందుతుంటాయి, వెనక ఆమె గుర్తయిన రెండు రెల్లు స్తంభాలు. 2003 ఏప్రిల్‌లో దీన్ని దోచుకుపోయారు. జూన్‌లో ముక్కలై తిరిగొచ్చింది. ఆ అతుకుల ముందు నిలబడితే నాకు కడుపు తరుక్కుపోయింది.

మర్నాడు షేర్ కారులో సమావా చేరాం, మనిషికి 10,000. ఉరుక్ అక్కణ్ణుంచి 30 కిలోమీటర్లే. రానూపోనూ, వెయిటింగుతో కలిపి 60,000కే వచ్చాడు ఇంకో డ్రైవరు, ఎంతో మర్యాదస్థుడు.

ఇనన్నా గుడి ఎఆన్నా ఇప్పుడు మట్టిదిబ్బలే. కానీ వంగి చూస్తే నేలలో వేలెడంత మట్టి శంకువులు గుచ్చుకుని ఉన్నాయి. వాటి మొనలకు ఎరుపు, నలుపు, తెలుపు రంగులేసి గోడల్లో గుచ్చి ముగ్గుల్లా అలంకరించేవారు. ముట్టుకోకండి, ఏరుకోకండి. ఎరిదు అనే ఇంకో సుమేరు నగరంలో ఎన్కి దేవుడికి బీరు తాగించి, నాగరికత శాసనాలైన 'మె'లన్నీ పడవలో వేసుకుని ఇనన్నా ఈ ఊరికే తెచ్చిందన్న కథ మా ఆయనకు అక్కడే చెప్పాను. అప్పటికి నవ్వారు. కాపలాదారు పిలిచి టీ ఇచ్చాడు, డబ్బు ఎంత ఇచ్చినా తీసుకోలేదు.

నవంబరు, మార్చి మధ్యే వెళ్ళండి. నీడ ఉండదు, నీళ్ళు ఎక్కువే పట్టుకెళ్ళండి. టాక్సీ డబ్బు మాత్రం సగం ఉరుక్‌లో, సగం తిరిగొచ్చాక ఇస్తామని ఎక్కకముందే చెప్పండి.