కడపలో జపాన్ పాటల క్లాసు: పిల్లల్ని పంపొచ్చా?

పంపొచ్చు. వీలైతే మీరూ వెళ్లి వెనక వరుసలో నిలబడండి, ఇంకా మంచిది.

ఎర్రముక్కపల్లిలో ఒక జపనీస్ టీచర్ తన ఇంటి మేడ మీద నడిపే ఆదివారం క్లాసు ఇది. జపాన్‌లో ఉద్యోగాలకు వెళ్లాలనుకునే నర్సింగ్, ఇంజనీరింగ్ పిల్లలకు మేడమ్ వారమంతా భాష చెప్తారు. ఆదివారం పొద్దున మాత్రం చిన్నపిల్లలకు, వాళ్లను తీసుకొచ్చిన పెద్దవాళ్లకు పాటలు నేర్పిస్తారు. అక్కడి తిరునాళ్లలో పాడేవి, బడి పిల్లలు పాడేవి, పదిమంది కలిసి పాడేవి మాత్రమే ఎంచుకుంటారు. ఫీజు నెలకు 500 రూపాయలు. పెద్దవాళ్లకు ఫీజు లేదు. మా పాప ఏడో తరగతి, దాన్ని చేర్పించాను.

నేను జమ్మలమడుగు దగ్గర మా పల్లెలో చెక్కభజన నేర్పిస్తాను. అందుకని గుంపు పాట విషయంలో నాకు కొన్ని పట్టింపులున్నాయి. గురువు ఒక ముక్క అందిస్తే గుంపు వెంటనే అందుకునేలా ఉండాలి. గుంపుకు వచ్చే ముక్క పొట్టిగా ఉండాలి. అది సరిగ్గా అడుగు మీద పడాలి. ఇవి లేని పాట ఎంత బాగున్నా స్టేజీ మీద ఒకరు పాడుకోవాల్సిందే, సిగ్గుపడే పిల్లతో నోరు తెరిపించలేదు. మేడమ్ ఎంచుకున్న పాటల్లో చాలావాటికి ఈ గుణం ఉంది. ఈ క్లాసు నాకు నచ్చడానికి అసలు కారణం అదే.

మొదట చెప్పాల్సింది 'తాంకో బుషి' గురించి. క్యూషూ దీవిలో ఫుకువోకా వైపు బొగ్గుగనుల్లో పుట్టిన పాట. ఇప్పుడు జపాన్ అంతటా బోన్ పండుగకు దీని మీద ఆడతారు. అడుగులన్నీ గని పనే. రెండుసార్లు పారతో తవ్వడం, తవ్వింది భుజం మీద వేసుకోవడం, ఆగి వెనక్కి తిరిగి చూడడం, బండిని ముందుకు నెట్టడం, చేతులు విప్పి చప్పట్లు కొట్టడం, మళ్లీ మొదటికి. క్లాసుకు యర్రగుంట్ల నుంచి ఇద్దరు అన్నదమ్ములు వస్తారు. వాళ్ల నాన్న నాపరాళ్ల గనిలో పని చేస్తాడు. మేడమ్ తవ్వే అడుగు చూపిస్తుంటే చిన్నోడు ముందుకొచ్చి, "అట్ల కాదు మేడమ్, మోకాలు వంగాల. లేకుంటే నడుం పట్టుకుంటాది" అని తనే చేసి చూపించాడు. మేడమ్ వాడిని వరుస ముందు నిలబెట్టి, అందరినీ వాడిలాగే వంగమన్నారు. ఆ రోజు నుంచి మా గుంపు అడుగే మారిపోయింది. అంతవరకు గొంతు విప్పని పిల్లాడు ఇప్పుడు అందరికంటే ముందు అందుకుంటున్నాడు.

బోన్ అంటే చనిపోయిన పెద్దలు ఇంటికి వచ్చి వెళ్లే రోజులని వాళ్ల నమ్మకం. చాలా ఊళ్లలో ఆగస్టు నడిమధ్యలో వస్తుంది. మైదానంలో కొయ్యతో ఎత్తుగా మంచె కట్టి, దాని మీద పెద్ద డోలు పెడతారు. చుట్టూ వలయంగా తిరుగుతూ చిన్నా పెద్దా అందరూ ఆడతారు. కొత్తగా వచ్చినవాళ్లు ముందు నడిచేవాళ్లను చూసి అడుగు నేర్చుకుంటారు, విడిగా శిక్షణ ఏమీ అక్కర్లేదు. మనం పెద్దల అమావాస్య నాడు గుడ్డలు పెట్టి, వంటలు చేసి, మౌనంగా దండం పెట్టుకుంటాం. పెద్దల కోసం ఊరంతా ఇలా ఆడి పాడడం నన్ను కదిలించింది.

'సోరన్ బుషి' దీనికంటే జోరుగా ఉంటుంది. ఉత్తరాన హొక్కైదోలో హెర్రింగ్ చేపల వల లాగేవాళ్ల పాట. అందరి బలం ఒక్క క్షణంలో వల మీద పడాలి కాబట్టి మధ్యమధ్యలో గుంపు కేక వస్తుంది. అక్కడి బడుల్లో ఆటల పోటీల రోజున పిల్లలు దీని కొత్త రూపాన్ని ఆడతారట. పదేళ్లు దాటిన పిల్లలకు సరిపోతుంది. బాగా వంగి లేవాలి, చిన్నవాళ్లు అలసిపోతారు.

చిన్నవాళ్లకు ఏనుగు పాట ఉంది, 'జో సాన్'. మిచియో మాదో రాస్తే ఇకుమా దాన్ బాణీ కట్టారు. మూడు దెబ్బల నడక, ఊగుతూ పాడుకునే పాట. దీన్ని నేర్పేటప్పుడు మేడమ్ చెప్పిన కథ పిల్లలకు పాట కంటే ఎక్కువ గుర్తుండిపోయింది. యుద్ధ కాలంలో టోక్యోలోని ఉయెనో జూలో ఏనుగుల్ని చంపేశారు. యుద్ధం అయిపోయాక అక్కడి పిల్లలు తమకు ఒక ఏనుగు కావాలని నెహ్రూకు ఉత్తరాలు రాశారు. 1949లో ఆయన మైసూరు వైపు నుంచి ఒక ఏనుగును పంపి, దానికి తన కూతురి పేరు, ఇందిర అని పెట్టారు. ఇది విన్న మా పాప ఇంటికి రాగానే వాళ్ల జేజికి కథంతా చెప్పి, ఆమె చేతే ఏనుగు పాట పాడించింది.

సంగీతం నేర్చుకుంటున్న పిల్లలుంటే వాళ్లకు ఇంకో లాభం ఉంది. జపాన్ పిల్లల పాటలు చాలావాటిలో మ, ని ఉండవు. స రి గ ప ద మాత్రమే, అంటే మన మోహన రాగం స్వరాలే. 'వరవీణా' గీతం వచ్చిన పిల్లలు 'యుయాకె కొయాకె' పాటను హార్మోనియం మీద వెంటనే పట్టుకుంటారు. నేనూ వాయించి చూశాను, ఎక్కడా వేలు తడబడలేదు. సాయంత్రం పొద్దువాలే వేళ పాట అది. జపాన్‌లో చాలా ఊళ్లలో సాయంత్రం మైకుల్లో దీని బాణీ వేస్తారు, ఆటలాడే పిల్లలు ఇళ్లకు వెళ్లే వేళయిందని దాని అర్థం.

పెద్దవాళ్లకు జపాన్ గాయకుడు క్యూ సకమోతో 1961లో పాడిన పాట నేర్పిస్తారు, 1963లో అమెరికా హిట్ పాటల జాబితాలో మొదటి స్థానానికి ఎక్కిన 'ఉయే ఓ ముయితె అరుకో'. దాంట్లో ఈల వేసే చోటు అందరికీ ఇష్టం.

ఇక బాగాలేనివి. పాటల కాగితం ఇంగ్లీష్ అక్షరాల్లో ఇస్తారు. పిల్లలు 'ఎ' ఉన్నచోట 'ఇ' అని చదువుతున్నారు, దీర్ఘాలు పోతున్నాయి. తెలుగులో రాస్తే ఈ ఇబ్బంది ఉండదు. మా పాప కాగితం నేను తెలుగులో రాసిచ్చాను, అది చూసి ఇంకొందరు కాపీలు తీసుకున్నారు. రెండోది స్పీకర్. ట్రాక్ వేసి పాడిస్తే అది పిల్లల కోసం ఆగదు. ఒకడు అడుగు తప్పితే వాడు కుదురుకునేదాకా తాళం నిలబెట్టాలంటే మనిషి వాయించాల్సిందే. మా డోలు తీసుకెళ్లి వాయించాక ఆ తేడా అందరికీ తెలిసింది, ఇప్పుడు ట్రాక్ విని నేర్చుకోవడానికి మాత్రమే వాడుతున్నారు. మార్చి 3న వచ్చే బొమ్మల పండుగ పాట మీద మాత్రం ఎక్కువ సమయం పెట్టారు. మెట్ల మీద ఎర్రగుడ్డ పరిచి బొమ్మలు పేర్చడం మన కొలువు లాంటిదే, చెప్తే పిల్లలకు బాగా ఎక్కింది. కానీ బాణీ దిగులుగా నడుస్తుంది, గుంపు గొంతు దాంట్లో లేవదు. వినిపించి వదిలేస్తే చాలు. మేడ మీద రేకుల షెడ్డు కాబట్టి ఎండాకాలంలో తొమ్మిది దాటితే కూర్చోలేం. కరెంటు పోతే ఇన్వర్టర్ కూడా లేదు. ఏప్రిల్, మే నెలల్లో క్లాసు ఇంకా ముందుగా, ఏడింటికే మొదలుపెట్టాలని మేడమ్‌ను గట్టిగా అడగండి.

ఆరేళ్లు నిండిన పిల్లలెవరైనా చేరొచ్చు, జపనీస్ రానక్కర్లేదు. కోటిరెడ్డి సర్కిల్ నుంచి ఆటోలు దొరుకుతాయి. వినాయక చవితికి మా పల్లె పందిట్లో చెక్కభజన అయ్యాక తాంకో బుషి ఆడించమని అడిగితే మేడమ్ సరేనన్నారు. డోలు మాదే. చేర్పించాలనుకునేవాళ్లు ఈ నెలలోనే చేర్పిస్తే అప్పటికి పిల్లలకు అడుగులు కుదురుతాయి.