నడుముకు ఎంత బరువు: పూర్ణా మార్కెట్ సందులో కుట్టించిన హోల్‌స్టర్, ఏడాది వాడాక

విశాఖపట్నం పూర్ణా మార్కెట్ దగ్గరి ఒక సందులో తోలు పని చేసే పెద్దాయన చేత నిరుడు దసరాకు ముందు రివాల్వర్‌కు ఒక హోల్‌స్టర్ (నడుముకు కట్టుకునే ఒర), దానికి జోడుగా ఒక బెల్టు కుట్టించుకున్నాను. రెండింటికీ కలిపి 3,000 రూపాయలు తీసుకున్నాడు. పన్నెండు రోజులు పట్టింది. ఏడాది పాటు దాదాపు ప్రతిరోజూ నడుముకు కట్టుకుని తిరిగాను కాబట్టి, దాని మంచీ చెడూ ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. అయితే హోల్‌స్టర్ బాగుందా లేదా అన్నది విడిగా తేలే సంగతి కాదు. ఆయుధంతో పాటు ఇంకా ఏమేం వెంట పెట్టుకోవాలి, ఏది ఇంట్లో వదిలేయాలి అన్నది తేల్చుకుంటేగాని ఎలాంటి హోల్‌స్టర్ కావాలో తెలియదు. నాకు అది తేలడానికి చాలా ఏళ్ళు పట్టింది కనుక ముందు ఆ సంగతి రాస్తాను.

కురుపాం మార్కెట్‌లో మాది చిన్న బంగారం కొట్టు. కొట్టు మూసి, జగదాంబ జంక్షన్ మీదుగా స్కూటరు మీద ఎం.వి.పి. కాలనీలోని ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది. ఎనిమిదేళ్ళ క్రితం పోలీస్ కమిషనరేట్ నుంచి లైసెన్సు వచ్చింది; .32 బోరు (గొట్టం కొలత) ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ రివాల్వర్ కొన్నాను. లైసెన్సు వచ్చిన కొత్తలో అమెరికా వాళ్ళు పెట్టే వీడియోలు విపరీతంగా చూశాను. అక్కడ చాలామంది పిస్తోలుతో పాటు అదనపు మ్యాగజీన్ (పిస్తోలు పిడిలో దూర్చే తూటాల పెట్టె), టార్చి, మడత కత్తి, రక్తం ఆపే పట్టీ, కొందరైతే చీలమండ దగ్గర రెండో తుపాకీ కూడా పెట్టుకుంటారు. వాళ్ళ చట్టాలు వేరు, వాళ్ళ వాతావరణం వేరు, వాళ్ళు ఎక్కువగా కార్లలో తిరుగుతారు. ఆ తేడాలేవీ ఆలోచించకుండా నేను కూడా ఒక్కొక్కటే కొనుక్కుంటూ పోయాను.

ఒకరోజు మధ్యాహ్నం కొట్టులో గిరాకీ లేని వేళ, నడుముకూ జేబుల్లోనూ ఉన్నవన్నీ తీసి కాటా మీద పెట్టాను. రివాల్వర్ 700 గ్రాములు, అందులోని ఆరు తూటాలు 70, నైలాన్ హోల్‌స్టర్ 110, మరో పన్నెండు తూటాలున్న తోలు సంచి 180, టార్చి 150, మడత కత్తి 120, పెప్పర్ స్ప్రే 90, పట్టకారూ స్క్రూడ్రైవర్లూ కలిసి ఉండే పనిముట్టు 240, కట్టు కట్టే సామాను 160. అన్నీ కలిపితే 1,820 గ్రాములు. ఫోను, కొట్టు తాళాల గుత్తి దీనికి అదనం. మిల్లీగ్రాముల తేడాకు కూడా గిరాకీతో లెక్క చెప్పుకునే మనిషిని, రెండు కిలోల బరువు నడుముకు కట్టుకుని ఎందుకు తిరుగుతున్నానో నాకు నేను చెప్పుకోలేకపోయాను.

బరువొక్కటే అయితే ఓర్చుకోవచ్చు. విశాఖలో మే నెల ఉక్కపోతలో పలచని చొక్కా వేసుకుంటేనే ఒళ్ళంతా తడిసి ముద్దవుతుంది. ఆ చొక్కా కింద ఇన్ని వస్తువులు దాగవు. 2016 ఆయుధ నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీని హోల్‌స్టర్‌లోనో తగిన సంచిలోనో ఉంచాలి, అది పూర్తిగా కప్పి ఉండాలి, మోసే మనిషి అదుపులో ఉండాలి. నేను టీ కొట్టు దగ్గర వంగినప్పుడు చొక్కా పైకి లేచి సామాను బయటపడుతోందంటే, నేను చట్టాన్ని పాటించడం లేదనే అర్థం. పైగా ఆన్‌లైన్‌లో కొన్న ఆ నైలాన్ హోల్‌స్టర్ అంటుకునే పట్టీ ఏడాదికే పట్టు వదిలింది. జగదాంబ దగ్గర స్కూటరు దిగుతుంటే చొక్కా అంచు పిడికి తట్టుకుని రివాల్వర్ సగం పైకి వచ్చేసింది. కింద పడకుండా మోచేత్తో అదిమి పట్టుకుని, పక్కకు వెళ్ళి సర్దుకునే దాకా నా గుండె దడ ఆగలేదు. చుట్టూ జనం, నా పక్కనే బడి సంచీతో ఒక పిల్లవాడు నిలబడి ఉన్నాడు. అమ్మినవాడికి రాస్తే జవాబు రాలేదు. ఆ రాత్రే ఆ హోల్‌స్టర్ వాడకం మానేసి, తరువాత కొన్ని నెలలు మరో నాసిరకం దానితో సరిపెట్టుకున్నాను.

నిజానికి నా లెక్కను సరిచేసింది 2024 ఎన్నికల కాలం. మార్చి 16న షెడ్యూలు వచ్చాక, లైసెన్సు ఉన్న మిగతావారిలాగే నేను కూడా ఆయుధాన్ని పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకున్నాను. మే 13న పోలింగ్, జూన్ 4న ఓట్ల లెక్కింపు. ఆ తరువాత గాని చేతికి రాలేదు. ఆ రోజులన్నీ రివాల్వర్ లేకుండానే కొట్టు మూసి ఇంటికి వెళ్ళాలి. మొదటి వారం భయంగానే గడిచింది. తరువాత నగదు చీకటి పడకముందే బ్యాంకులో జమ చేయడం మొదలుపెట్టాను. మా తమ్ముడూ నేనూ కలిసి బయలుదేరేవాళ్ళం. ఒకే దారిలో ఒకే వేళకు వెళ్ళడం మానేశాం. ఫోనులో అత్యవసర నంబరు 112 ఒక్క నొక్కుకు అందేలా పెట్టుకున్నాను. ఆ దినాల్లో నేను రోజూ చేతిలోకి తీసుకున్న వస్తువు ఒక్కటే, టార్చి. సెల్లార్‌లో లైటు పోయినప్పుడు, కొట్టు వెనక సందులో చప్పుడైనప్పుడు, దారిలో పడిపోయిన ఒక ముసలాయన మోకాలి గాయం చూడవలసి వచ్చినప్పుడు అదే పనికొచ్చింది. కత్తినీ, ఆ పట్టకారు పనిముట్టునూ ఒక్కసారి కూడా తాకలేదు.

రివాల్వర్ తిరిగి వచ్చాక ఒక్కో వస్తువునూ మళ్ళీ విచారించాను. ముందు తీసేసింది అదనపు తూటాలను. పిస్తోలు మొరాయించడానికి చాలాసార్లు మ్యాగజీనే కారణం, అందుకని పిస్తోలు వాడేవాళ్ళు రెండో మ్యాగజీన్ దగ్గర ఉంచుకోవడంలో అర్థముంది. రివాల్వర్‌కు మ్యాగజీన్ లేదు. మధ్యకు విరిచి, పేలిన తూటాల ఖాళీ గొట్టాలు దులిపి, వణికే వేళ్ళతో ఒక్కొక్క తూటా దూర్చడానికి పట్టే సమయంలో మనిషి అక్కడి నుంచి పారిపోవచ్చు. పైగా ఆ సంచి విప్పి చూస్తే తోలుకు ఆనుకున్న ఇత్తడి గొట్టాల మీద పచ్చగా కిలుము పట్టి ఉంది. వేలితో రుద్దితే పొడిలా రాలింది. తోలు పదును చేసేటప్పుడు అందులో మిగిలే ఆమ్లాలూ లవణాలూ, మన సముద్రపు తేమా కలిసి ఇత్తడిని తినేస్తాయి. ఏళ్ళ తరబడి నన్ను కాపాడతాయనుకున్న పన్నెండు తూటాలలో ఏది సరిగా పేలుతుందో నమ్మలేని స్థితి. వాటిని పక్కన పెట్టి, ఇప్పుడు ఆరింటితోనే తిరుగుతున్నాను.

దీనికి చట్టపరమైన కారణం కూడా ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కుకు సంబంధించినవి. అందులో 37వ సెక్షన్, రక్షణకు అవసరమైనంత హాని కంటే ఎక్కువ చేయకూడదని, పోలీసుల సాయం పొందే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు వర్తించదని చెబుతుంది. ఇది చదివిన తరువాత పెప్పర్ స్ప్రేకు నా దగ్గర విలువ పెరిగింది. చేతిలో రివాల్వర్ తప్ప మరేమీ లేని మనిషికి, మాటకూ తూటాకూ నడుమ మెట్టే ఉండదు. స్ప్రే ఆ మెట్టు. అయితే బీచ్ రోడ్డు మీద గాలికి ఎదురుగా కొడితే అది మన కళ్ళలోకే వస్తుంది. డబ్బా మీద గడువు తేదీ కూడా ఉంటుంది, చూసుకుని మార్చుకోవాలి.

కత్తి మానేశాను. కట్టు కట్టే సామాను మాత్రం మానలేదు, నడుము మీద నుంచి స్కూటరు డిక్కీలోకి మార్చాను. గాయానికి కొంచెం ఎగువన బిగించి రక్తం ఆపే పట్టీ, దూది గుడ్డ, చేతి తొడుగులు, బిగించిన వేళ రాయడానికి ఒక పెన్ను. మన రోడ్ల మీద దాని అవసరం ఏ దొంగ వల్లనో కంటే ఏ లారీ వల్లనో వచ్చే అవకాశమే ఎక్కువ. ఇక మిగిలినవి రివాల్వర్, ఆరు తూటాలు, 80 గ్రాముల చిన్న టార్చి, 70 గ్రాముల స్ప్రే. ఈ నాలుగింటికీ సరిపోయేలా ఒక మంచి హోల్‌స్టర్, గట్టి బెల్టు కావాలని పూర్ణా మార్కెట్‌కు వెళ్ళాను.

పెద్దాయన మొదట అడిగిందే ఆ వస్తువును వదిలి వెళ్ళమని. లైసెన్సు లేని మనిషి దగ్గర ఆయుధాన్ని వదలడం నేరమని చెబితే తల ఊపి, అయితే కొయ్యతో అచ్చు చేయించి తెమ్మన్నాడు. తెలిసిన వడ్రంగి చేత, కొలతలు ఇచ్చి, అంకుడు కర్రతో రివాల్వర్ ఆకారం చెక్కించాను. మన ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్ర అదే. మెత్తగా ఉండి సన్నటి వంపులు కూడా చక్కగా వస్తాయి. రెండు రోజుల్లో కావాలని నేను తొందరపెడితే పెద్దాయన, "తోలు మన మాట ఇనాలంటే దాన్ని ముందు నాననియ్యాల బాబూ, ఆపైన నీడన ఆరాల, ఎండలో పెడితే బిర్రబిగిసిపోద్ది" అన్నాడు. నానబెట్టిన తోలును ఆ కొయ్య అచ్చు మీద పరచి, ఎముక పుల్లతో సిలిండరు గుండ్రాన్నీ, ట్రిగ్గరు చుట్టూ ఉండే కమ్మీనీ ఒత్తి ఒత్తి తేల్చాడు. మైనం పట్టించిన దారంతో రెండు సూదుల కుట్టు వేశాడు. రసాయనాలతో కాక తంగేడు చెక్కతో పదును చేసిన తోలు కావాలని నేను పట్టుబట్టాను, ఆ కిలుము చూసిన భయంతో. దొరికింది గానీ ధర కొంచెం ఎక్కువైంది.

ఫలితం చాలా బాగుంది. ట్రిగ్గరు పూర్తిగా తోలు లోపల ఉంటుంది, వేలు గానీ చొక్కా అంచు గానీ దూరే సందు లేదు. ఖాళీ రివాల్వర్ పెట్టి, తలకిందులు చేసి ఊపినా జారలేదు. బెల్టు రెండు పొరల తోలుతో కుట్టినది కావడంతో బరువుకు వంగదు, ప్యాంటు కిందికి జారదు. నా అనుభవంలో సగం సుఖం ఈ బెల్టుదే. మంచి హోల్‌స్టర్ కొని మామూలు బజారు బెల్టుకు తగిలించేవాళ్ళకు ఇది గట్టిగా చెబుతాను. కుడి తుంటి ఎముకకు కొంచెం వెనకగా, పిడి ముందుకు వాలేలా కుట్టమన్నాను. అందువల్ల స్కూటరు మీద కూర్చున్నప్పుడు గొట్టం కొన సీటుకు తగలదు, పిడి పక్కటెముకల్లో గుచ్చుకోదు. 140 గ్రాముల హోల్‌స్టర్‌తో కలిపి ఇప్పుడు మొత్తం 1,060 గ్రాములు. ఇంకా తేలికైన ఆయుధం తీసుకోవచ్చు కదా అని మా బావమరిది అంటుంటాడు. 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం నుంచి వచ్చిన నిర్భీక్ అనే రివాల్వర్ అర కిలోనే తూగుతుంది, ధర మాత్రం లక్ష దాటింది. తేలికైన కొద్దీ పేల్చినప్పుడు చేతికి తగిలే అదురు పెరుగుతుంది కనుక నాకు నా పాతదే నయం.

లోపాలు కూడా ఉన్నాయి. పైపట్టీకి వేసిన గుండీ నాసిరకం, మొదటి వానాకాలానికే తుప్పు పట్టి బిగుసుకుపోయింది. రెండోసారి ఇత్తడిది వేయించుకున్నాను, దానికి డబ్బు తీసుకోలేదు. శరీరం వైపు తోలు చెమట పీల్చి నల్లబడింది, వేసవిలో రోజు మార్చి రోజు పొడిగుడ్డతో తుడిచి ఫ్యాను కింద ఆరబెట్టాలి. కొత్తలో మూడు వారాలు బాగా బిగుతుగా ఉంది. ఖాళీ రివాల్వర్‌తో ఇంట్లో గోడవైపు తిరిగి రోజూ తీసి పెడుతుంటే వదులైంది. రాత్రి రివాల్వర్‌ను అందులోనే ఉంచి పడుకుంటే మన గాలికి తుప్పు తప్పదు కాబట్టి ఇంటికి రాగానే బయటికి తీసి, తూటాలు విడిగా పెట్టి, సన్నగా నూనె పూసి ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేస్తాను. సింహాచలం వెళ్ళే రోజూ, పెళ్ళిళ్ళకు వెళ్ళే రోజూ అసలు బయటికే తీయను. అలాంటి రోజుల్లో టార్చి, ఫోను చాలు.

కుట్టించుకోవాలనుకునేవారు కొయ్య అచ్చు ముందే చేయించుకుని వెళ్ళండి, పైపట్టీ గుండీ ఇత్తడిదే వేయమని మొదటే చెప్పండి. పెద్దాయన దగ్గర మధ్యాహ్నం పూట రద్దీ తక్కువ. నా అచ్చు ఇప్పటికీ ఆయన అలమరలోనే ఉంది. ఈ వేసవికి ముందు చెమట పీల్చిన లోపలి పొర మార్పించడానికి మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాలి.