మా అంగన్‌వాడీకొచ్చిన సర్వే టీమ్ మీద నా రివ్యూ

ఐదుకి నాలుగు స్టార్లు. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో కూడా చెప్తా.

మాది నరసన్నపేట దగ్గర ఊరు, పాపకి మూడేళ్లు. చిన్నపిల్లల ఎదుగుదల మీద రీసెర్చ్ చేసేవాళ్లు నలుగురు మా సెంటర్‌కి వచ్చారు. చూడగానే మా అత్త "ఏటమ్మా, మల్లీ రాసుకుని ఎల్లిపోడానికేనా" అనేసింది. అంతకుముందు వేరే టీమొకటి బరువులు, ఆదాయాలు, ఆధార్ నంబర్లు అన్నీ రాసుకెళ్లి మళ్లీ మొహం చూపించలేదు, ఆ కోపం ఇంకా ఉంది ఆవిడకి.

వీళ్లు అలా కాదు. ముందు ఒప్పుకోలు కాగితం తెలుగులో చదివి వినిపించారు, ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు, మధ్యలో ఆపేసినా పాపకొచ్చే గుడ్డూ పాలూ ఏవీ ఆగవు అని. మా దగ్గర ఈ మాట చాలా ముఖ్యం, వద్దంటే సెంటర్లో పేరు తీసేస్తారేమో అన్న భయంతోనే సగంమంది తలూపేస్తారు.

కొలతలు చాలా ఓపిగ్గా తీశారు. రెండేళ్లు దాటినోళ్లని నిలబెట్టి, లోపు పిల్లల్ని పడుకోబెట్టి, ఒక్కొక్కరికీ రెండేసి సార్లు. జబ్బకి టేపు చుట్టి 11.5 సెంటీమీటర్లకి తక్కువైతే ఎరుపు, అంటే పిల్ల బాగా చిక్కిపోయినట్టు, 12.5 లోపైతే పసుపు, ఆపైన ఆకుపచ్చ, అంటే పర్లేదు అని నాకే చూపించారు. మా పాపది ఆకుపచ్చ, ఎంత ధైర్యమొచ్చిందో! టీచర్ గారు నెలనెలా తూచి ఫోన్లో పోషణ్ ట్రాకర్ అనే సర్కారు యాప్‌లో ఎక్కిస్తారు గానీ కూర్చోబెట్టి చెప్పే టైమ్ ఆవిడకెక్కడిది, రిజిస్టర్లూ రేషనూ పిల్లలూ అన్నీ ఆవిడ మీదే.

ఇక తగ్గించిన స్టార్ సంగతి. ఊడుపులప్పుడు పొద్దున్నే వచ్చి గంటన్నర కూర్చోబెట్టారు, ఆ రోజు కూలి పోయింది. అప్పులెంత అని పక్కింటోళ్లు వింటుండగానే అడిగారు. ఫారం నిండా "తల్లి ఏం పెట్టింది" అనే ఉంది, మా వీధిలో ఒక బాబు అమ్మానాన్నా చెన్నైకి పనికెళ్లారు, మామ్మే పెంచుతోంది, ఆవిడేం చెప్తుంది? గట్టిగానే అన్నాను, పక్కన రాసుకున్నారు.

నాలుగు నెలలకి మళ్లీ వచ్చారు! అమ్మల్నీ మామ్మల్నీ పిలిచి మా ఊళ్లో ఏం కనబడిందో చెప్పారు, మూడేళ్ల లోపు పిల్లలకని ఇంటికిచ్చిన బాలామృతం పిండి వాళ్లతో పాటు పెద్దపిల్లలూ పంచుకుంటున్నారని కూడా. ఆ రోజు కొత్త ఫారంలో మొదటి ప్రశ్న "బిడ్డని ఎవరు చూసుకుంటున్నారు" అని మారింది. మళ్లీ రావడమే అసలు పని అని నా అభిప్రాయం. పేదరికంలో పిల్లలెలా పెరుగుతున్నారో చూడ్డానికి 2002లో మొదలైన యంగ్ లైవ్స్ స్టడీలో మన శ్రీకాకుళం కూడా ఉంది, ఉమ్మడి ఆంధ్రాలో 3000 మంది పిల్లలు, ఏళ్ల తరబడి ఆ పిల్లల దగ్గరికే తిరిగి వెళ్లారు.

మీ ఊరొస్తే సాయంత్రం రమ్మనండి, డబ్బు సంగతులు లోపల కూర్చుని చెప్తామనండి, పాప కొలతలు చీటీ మీద రాసిమ్మనండి. మాకు అడిగాకే ఇచ్చారు.