నెల్లిమర్ల వైపు ఒక చిన్న రెసిడెన్షియల్ స్కూలు: ఇద్దరు పిల్లల్ని చదివించాక

పిల్లల్ని ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా హాస్టల్లో ఉంచి ఒకేచోట చదివిద్దామనుకునే మా శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మంచీ చెడూ రెండూ ఉంటాయి కాబట్టి స్కూలు పేరు రాయడం లేదు. నెల్లిమర్ల వైపు ఉంటుంది. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చదువుతారు. తరగతికి ఒకటే సెక్షను, ముప్పై మంది దాటరు. మా అమ్మాయి 2018లో ఎనిమిదిలో చేరి 2023లో ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి వచ్చేసింది. మావాడు 2019లో ఆరులో చేరాడు, ఇప్పుడు బైపీసీ రెండో ఏడాది.

మాది ఉద్దానం. పిల్లకి ఆరో తరగతప్పుడు నవోదయ పరీక్ష రాయించాం. వెన్నెలవలస నవోదయలో జిల్లా మొత్తానికి ఏడాదికి ఉండేది 80 సీట్లు, రాలేదు. కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నుంచీ ఉన్నా ఆడపిల్లల్ని తీసుకోవడం ఈమధ్యే మొదలైంది, మాకు అప్పట్లో ఆ దారి లేదు. కస్తూర్బా విద్యాలయాల్లో ఆడపిల్లలకే చోటు, తమ్ముడికి మళ్ళీ వేరే వెతుక్కోవాలి. విశాఖ కార్పొరేట్ క్యాంపస్‌లు చూస్తే నాలుగు అంతస్తుల భవనం, ఆడుకోవడానికి టెర్రస్. అందుకని ఇక్కడికి వచ్చాం. పలాస నుంచి పాసింజర్ ఎక్కితే నెల్లిమర్లలో దిగొచ్చు, అది కూడా ఒక కారణం.

చదువు ఎలా చెబుతారో చూపించడానికి మా అమ్మాయి లెక్కల నోట్సు చాలు. ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఇంటర్ మొదటి ఏడాది స్లిప్ టెస్టులో ఒక త్రికోణమితి లెక్క. జవాబు సరిగ్గానే వచ్చింది. అయినా సార్ మార్కు వేయకుండా ఎర్ర పెన్నుతో "రెండో లైను నుంచి మూడో లైనుకి ఎలా వచ్చావు?" అని రాశారు. కింద పిల్ల పెన్సిల్‌తో నాలుగు లైన్లు రాసింది, ఒకటి కొట్టేసింది, మళ్ళీ రాసింది. ఆ తర్వాతే టిక్కు. నోట్సు నిండా ఇదే తంతు. ముప్పై మంది ఉన్నచోట కాబట్టి సార్ అలా చూడగలిగారు. సెక్షనుకి డెబ్బై మంది ఉంటే ఎవరు చూస్తారు?

దీనికి ఇంకో వైపూ ఉంది. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, మాకు నోరు తిరగదు) మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే. అక్కడ రెండో లైను నుంచి మూడో లైనుకి ఎలా వచ్చావని ఎవరూ అడగరు, వేగం కావాలి. ఆ వేగం ఇక్కడ నేర్పరు. ఫైనల్‌కి రెండు నెలల ముందు మాత్రం వరసగా మాక్ టెస్టులు పెట్టి పిల్లల్ని హడావుడి పెడతారు. మా అమ్మాయికి ఇంటర్‌లో మంచి మార్కులే వచ్చాయి, ఎంసెట్ ర్యాంకు మాత్రం అంతంతమాత్రం. కన్వీనర్ కోటాలో విశాఖలో సీటు దొరికింది, అది మాకు చాలు. ఐఐటీ తప్ప ఇంకేదీ వద్దనుకునేవాళ్ళకి ఇది సరైన చోటు కాదు, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

ల్యాబ్ మాత్రం నిజంగా మెచ్చుకోవాలి. ప్రాక్టికల్ మార్కులు రెండో ఏడాదిలోనే ఉన్నా ఇక్కడ మొదటి ఏడాది నుంచే వారానికో పూట ల్యాబ్. మావాడు సెలవులకి వచ్చినప్పుడు వానపాముల గురించి అన్నం తింటూ చెబుతాడు, వాళ్ళమ్మ గరిటె చూపించి ఆపాలి.

ఆడా మగా కలిసి చదవడం గురించి మా పెద్దత్త ఇప్పటికీ సణుగుతుంది. హాస్టళ్ళు వేరు, మధ్యలో గోడ ఉంది, వార్డెన్లు వేరు. క్లాసు, ల్యాబు, లైబ్రరీ, మెస్సు కలిపే. ల్యాబులో బ్యాచ్‌లు కూడా కలిపి వేస్తారు. దీనివల్ల మా అమ్మాయికి జరిగిన మేలు ఇంజనీరింగ్‌కి వెళ్ళాక తెలిసింది: మగపిల్లల ముందు లేచి డౌటు అడగడానికి జంకే తోటి పిల్లల్ని చూసి ఆశ్చర్యపోయింది. రూల్సులో మాత్రం తేడా ఉండేది. మగపిల్లలు చీకటిపడే దాకా గ్రౌండులో ఉండొచ్చు, ఆడపిల్లలు ఆరింటికల్లా లోపలికి. పేరెంట్స్ మీటింగులో మేం నలుగురం పట్టుబట్టాక ఆడపిల్లల హాస్టల్ వెనక వాలీబాల్ కోర్టుకి లైట్లు వేశారు. గ్రౌండు రూలు మాత్రం మారలేదు.

ఇక అసలు బాధ. ఇంటర్ లెక్చరర్లు నిలవరు. అమ్మాయి రెండో ఏడాదిలో కెమిస్ట్రీ మేడం దసరాకి మానేస్తే సంక్రాంతి దాటాక గానీ కొత్తవాళ్ళు రాలేదు. ఫిజిక్స్ సారే ఆర్గానిక్ కూడా లాక్కొచ్చారు, పాపం. పెద్ద కాలేజీల వాళ్ళు ఎక్కువ జీతమిచ్చి తీసుకుపోతారని అందరికీ తెలిసిందే, కానీ ఆ సంగతి మాకు ఆఫీసు చెప్పలేదు, పిల్ల ఆదివారం ఫోనులో చెబితే తెలిసింది. జ్వరం విషయంలోనూ అంతే. మావాడికి రెండు రోజులు పారాసిటమాల్ వేసి, తగ్గకపోతే అప్పుడు ఫోన్ చేశారు. గట్టిగా అడిగాక, ఇప్పుడు మొదటి రోజే చెబుతున్నారు.

తిండి ఫరవాలేదు. మధ్యలో వేరే జిల్లా వంటమనిషి వచ్చి సాంబారులో బెల్లం మానేసి కారం దట్టిస్తే పిల్లలు మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నారు. ఆయన ఎక్కువ రోజులు లేడు. బుధవారం పొద్దున చోడి (రాగి) అంబలి ఇస్తారు, అది మానొద్దని పిల్లలే అడిగారు.

ఫీజు మా వైపు రైతుకి భారమే. కానీ ఒక మాట చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా జీడిచెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి, కొబ్బరి కూడా పోయింది. పిల్ల చేరి ఆర్నెల్లు కాలేదు. రెండో టర్ము ఫీజు ఎప్పుడు కట్టగలమో చెప్పలేని పరిస్థితి. ప్రిన్సిపాల్ గారు ఒక తెల్లకాగితం మీద సంతకం తీసుకుని గడువిచ్చారు. డబ్బులు కట్టేదాకా పిల్లని క్లాసులో లేపి నిలబెట్టలేదు, హాల్ టికెట్ ఆపలేదు. మావాడిని కూడా అక్కడే వేయడానికి పెద్ద కారణం ఇదే.

కరోనా ఏడాది గురించి రాయడానికి పెద్దగా లేదు. అందరిలాగే ఫోన్లో క్లాసులు. మా ఊళ్ళో సిగ్నల్ కోసం డాబా ఎక్కాలి. 2021లో పదో తరగతి పరీక్షలే రద్దయ్యాయి.

ఇలాంటి చిన్న స్కూలు ఏది చూడడానికి వెళ్ళినా విజిటింగ్ ఉండే ఆదివారం వెళ్ళండి. ఆఫీసు రూములో ఇచ్చే రంగుల కాగితం తర్వాత చదవొచ్చు. ముందు ఇంటర్ రెండో ఏడాది పిల్లల్ని పట్టుకుని కెమిస్ట్రీ ఎవరు చెబుతున్నారు, ఎన్నేళ్ళుగా చెబుతున్నారు, పోయినేడు చెప్పినవాళ్ళు ఏమయ్యారు అని అడగండి. ఫీజు ఎన్ని వాయిదాల్లో కట్టొచ్చో మాత్రం నోటిమాటగా కాకుండా రాయించుకోండి. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఉంటే రెండోవాళ్ళకి తగ్గిస్తారు, అడిగినవాళ్ళకే.