శ్రీకాకుళం నుంచి హైదరాబాద్: బస్సా, విమానమా?

విమానం గాల్లో ఉండేది గంటా ఇరవై నిమిషాలే. శ్రీకాకుళం వాళ్లకు అసలు ప్రయాణం నేల మీదే.

విశాఖ విమానాశ్రయం ఇక్కడికి సుమారు 110 కి.మీ. 16వ నంబరు జాతీయ రహదారిపై రణస్థలం, తగరపువలస దాటి ఆనందపురం వరకు ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా మధురవాడ, హనుమంతవాక సిగ్నళ్ల దగ్గరే. కారు అయితే ఆనందపురంలో పెందుర్తి బైపాస్ ఎక్కి గోపాలపట్నం మీదుగా విమానాశ్రయం దగ్గరి ఎన్ఏడీ కూడలి చేరడం మేలు. ఆర్టీసీ నాన్‌స్టాప్‌లో వెళ్తే విశాఖ బస్ కాంప్లెక్స్ నుంచి విమానాశ్రయానికి మళ్లీ ఆటో ఖర్చు. చెక్-ఇన్ కౌంటర్ మామూలుగా గంట ముందే మూసేస్తారు కాబట్టి, విమానం 11కి అయితే 6 గంటలకే బయల్దేరాలి. శంషాబాద్‌లో దిగాక కూకట్‌పల్లి, మియాపూర్ వైపు మరో గంటన్నర. ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి 8 గంటలు.

బస్సు విజయవాడ మీదుగా 720 కి.మీ. పైనే, 13-14 గంటలు. కానీ సాయంత్రం ఎక్కితే ఉదయం దిగేది ఎల్బీనగర్‌లో. పగలు పోదు, సామాను తూకం గొడవా లేదు. విమానంలో సాధారణంగా 15 కిలోలే. ఆవకాయ జాడీ చేతి సంచిలో పెడితే తనిఖీలో ఆగిపోవచ్చు, పెద్ద పెట్టెలో పెట్టండి.

ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకు స్లీపర్ బస్సే. పగటిపూట పని ఉండి, టికెట్ ముందే తీసుకుంటే విమానం. సంక్రాంతికి మాత్రం రెండూ జేబుకు చిల్లే.