బ్రూజ్‌లో పడవ ఎక్కాలా? అమ్మానాయనలతో వెళ్లొచ్చిన మా అనుభవం

సెప్టెంబర్ చివర్లో అమ్మానాయనల్ని తీసుకుని బెల్జియంలో కాలవల ఊరైన బ్రూజ్ వెళ్లొచ్చాను. బ్రస్సెల్స్ నుంచి రైల్లో గంటే కాబట్టి మన నెల్లూరు నుంచి టూర్లకి వెళ్లేవాళ్లు చాలామంది ఒక పూటలో చూసేసి వచ్చేస్తున్నారు. అలా చెయ్యొద్దు, రాత్రికి అక్కడే ఉండండి. మేం ముందురోజు సాయంత్రమే దిగాం కాబట్టి పొద్దున పదింటికి మొదటి పడవే దొరికింది. పన్నెండింటికి మళ్లీ అటు వస్తే అదే రేవులో క్యూ రోడ్డు దాకా ఉంది.

పడవలో ఊళ్లోని కాలవల మీద అరగంట తిప్పుతారు. పైకప్పు ఉండదు, ఇరుక్కుని కూర్చోవాలి. నడిపే ఆయనే మూడు భాషలు మార్చి మార్చి గబగబా చెప్పేస్తుంటే సగం అర్థం కాలేదు, ఒక మార్కు అక్కడే తగ్గిస్తున్నా. మిగతాదంతా మాత్రం కళ్లు తిప్పుకోలేం. ఇళ్ల గోడలు నేరుగా నీళ్లలోంచే లేస్తాయి, వాటి మీద పాకిన తీగ అప్పుడప్పుడే ఎర్రబడుతోంది. ఒక వంతెన కిందికి వచ్చేసరికి అందరూ తలలు వంచాల్సి వచ్చింది. నాయన చెయ్యెత్తి, చెమ్మకి నల్లబడిన ఆ ఇటుకల్ని వేలికొసలతో తాకాడు.

మాది అల్లూరు పక్క, బకింగ్‌హాం కాలవ దగ్గర. ఉప్పు, సరుగుడు కట్టెలు వేసుకుని మద్రాసు పోయే పడవల్ని నాయన చిన్నప్పుడు చూశాడు, గాలి లేని రోజు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు కట్టి లాగేవాళ్లట. ఆ అరగంటా ఒక్క మాట మాట్లాడలేదాయన. దిగాక మాత్రం "వీళ్లు పూడిక ఎప్పుడెప్పుడు తీస్తారో కనుక్కోమ్మా" అన్నాడు.

అది దొరకలేదు గానీ రాత్రి రూములో ఇంకోటి చదివి చెప్పాను. సముద్రానికి దారిచ్చే జ్విన్ పాయ 1500 ప్రాంతానికి పూడిపోయి, ఓడలూ వ్యాపారమూ ఆంట్వెర్ప్ రేవుకి మళ్లిపోయాయి. ఊరు చితికిపోయి, పాతవి కూల్చి కొత్తవి కట్టుకునే స్తోమత లేకే ఆ ఇళ్లన్నీ అలా మిగిలాయి. 2000లో యునెస్కో పాత ఊరిని వారసత్వ జాబితాలో పెట్టింది. "మనదీ పూడింది గదా" అని ఊరుకున్నాడు నాయన.

ఊళ్లో బజారు దగ్గరి గంటల గోపురం 83 మీటర్లు, 366 మెట్లు, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని ఎక్కించకండి, పైకి పోయేకొద్దీ మెట్లు మరీ ఇరుకు. నేనొక్కదాన్నే ఎక్కాను. 47 గంటలున్నాయి పైన, మోగించినప్పుడు కింద బజార్లో కూర్చున్నా చక్కగా వినపడతాయి. ఆ గోపురం కిందే ఆలుగడ్డ ఫ్రైస్ అమ్ముతారు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా, బెల్జియంలో వాటిని గొడ్డు కొవ్వులో వేయించడం పాత అలవాటు, తినని వాళ్లు నూనె ఏంటో అడిగాకే కొనండి. మా అమ్మ వాసన చూసి పక్కన పెట్టేసింది, ఆ పూట వాఫుల్‌తో సరిపెట్టుకుంది.

స్వెటరూ గొడుగూ తప్పనిసరి, రోజులో రెండుసార్లు వాన పడింది. వీధులన్నీ రాళ్లు పరిచినవే, చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి.

పడవకి ఐదుకి నాలుగు. మర్నాడు పొద్దున నాయన ఇంకోసారి ఎక్కుదామన్నాడు. ఈసారి ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టమని నడిపే ఆయన్ని అడిగాను.