టీవీఆర్ గ్రిఫిత్‌కి ట్రాక్షన్ కంట్రోల్: కిట్ మేలా, కొత్త ఈసీయూ మేలా, టైర్లు మారిస్తే చాలా?

బ్రిటిష్ స్పోర్ట్స్ కారు టీవీఆర్ గ్రిఫిత్ 500 లెక్కలు చూస్తేనే సంగతి తెలిసిపోతుంది. బరువు సుమారు 1060 కిలోలు. రోవర్ కంపెనీ ఎనిమిది సిలిండర్ల వీ8ని 5 లీటర్లకు పెంచిన ఇంజిన్, కంపెనీ చెప్పిన శక్తి 340 హార్స్‌పవర్. అదంతా వెళ్ళేది వెనక చక్రాలకే. బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు, చక్రాలు జారితే ఇంజిన్ శక్తి తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు. ఇంగ్లండ్‌లో బ్లాక్‌పూల్‌లో ఉండిన టీవీఆర్ కంపెనీని 1981లో కొన్న కెమికల్ ఇంజినీర్ పీటర్ వీలర్ హయాంలో కార్లన్నీ ఇదే పద్ధతిలో తయారయ్యాయి. పొడి రోడ్డు మీద గ్రిఫిత్ నడపడం గొప్ప ఆనందం. వాన పడ్డాక, రెండో గేర్‌లో మలుపు తిరుగుతూ యాక్సిలరేటర్ కాస్త ఎక్కువ నొక్కితే మాత్రం కారు వెనక భాగం పక్కకు తన్నుకొచ్చేస్తుంది.

ఇలాంటి కారుకి ఎలక్ట్రానిక్స్ తగిలిస్తే దాని స్వభావమే పోతుందని బాధపడే యజమానులు ఉన్నారు. ఆ అభిమానం నాకు అర్థమవుతుంది, కానీ ఆ మాట ఒప్పుకోలేను. గోడకు గుద్దుకుని ఫైబర్‌గ్లాస్ బాడీ పగిలి, కింద ఛాసిస్ గొట్టాలు వంగిన కారుకి స్వభావం ఎక్కడిది? పెట్టించుకోవచ్చు. ఏది, ఏ వరుసలో అన్నదే ఆలోచించాలి.

ముందు టైర్లు. ఇలాంటి కార్లు ఏడాదికి తిరిగేది తక్కువ, కాబట్టి టైర్ అరగదు, ముసలిదవుతుంది. పైకి గాడి నిండుగా కనిపిస్తూనే రబ్బరు గట్టిపడి ఉంటుంది. టైర్ పక్క గోడ మీద అండాకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైందని అర్థం. అంత పాత టైర్ల మీద ఎంత ఖరీదైన సిస్టమ్ బిగించినా, అది ఉన్న కొద్దిపాటి పట్టునే పొదుపుగా వాడగలదు, కొత్త పట్టు పుట్టించలేదు. టైర్లతో పాటు సస్పెన్షన్ కీళ్ళలోని రబ్బరు బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, నాలుగు చక్రాల అలైన్‌మెంట్ కూడా సరిచేయించాలి. ఇంకొకటి చాలామంది పట్టించుకోరు: యాక్సిలరేటర్ కేబుల్. అది బిగుసుకుపోయి మొదట కదలకుండా, ఆ తర్వాత ఒక్కసారిగా లాగితే కాలితో ఎంత జాగ్రత్తపడినా లాభం లేదు. కేబుల్, థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే మూత) శుభ్రం చేయించి, మొదట్లో థ్రాటిల్ నెమ్మదిగా తెరుచుకునేలా పుల్లీ ఆకారం మార్పిస్తే, ఎండ కాసే రోజుల్లో మాత్రమే బండి తీసేవాళ్ళకు ఇంతకు మించి అవసరం లేకపోవచ్చు.

వానలో కూడా నడుపుతానంటే ఎలక్ట్రానిక్స్ మాట. నాలుగు చక్రాల వేగం చదివి, ముందు చక్రాల కన్నా వెనకవి ఎంత ఎక్కువ తిరుగుతున్నాయో పోల్చి, ఇంజిన్ శక్తి తగ్గించడం ట్రాక్షన్ కంట్రోల్ పని. సాధారణంగా 10-15 శాతం జారుడు దగ్గర టైర్ ముందుకు నెట్టే బలం బాగుంటుంది. జారుడు పెరిగేకొద్దీ పక్కకు పట్టి ఉంచే బలం మాత్రం తగ్గిపోతుంది. అందుకే మలుపుల కోసం ఇంకా తక్కువకు సెట్ చేసుకోవాలి.

పాత ఇంజిన్ కంప్యూటర్‌ని (ఈసీయూ) అలాగే ఉంచి పక్కన చేర్చే కిట్‌లలో టీవీఆర్ యజమానులకు బాగా తెలిసింది బ్రిటన్ కంపెనీ రేస్‌లాజిక్‌ది. ఇంజెక్టర్ వైర్ల మధ్యలో కూర్చుని, చక్రం జారగానే ఒక్కో సిలిండర్‌కి పెట్రోల్ ఆపుతుంది. ఎంత జారనివ్వాలో చిన్న నాబ్‌తో మార్చుకోవచ్చు. వద్దనుకుంటే విప్పేసి కారుని మళ్ళీ పాత స్థితికి తేవచ్చు, దాని పెద్ద సుగుణం ఇదే. ఇక్కడ చూసుకోవాల్సింది, ఆపితే సిలిండర్‌కి ఇంధనం పూర్తిగా ఆగాలి. సగం డోసు వెళితే మిశ్రమం పలచబడి ఇంజిన్‌కి హాని.

అసలు కష్టం సెన్సర్ల దగ్గర. ఏబీఎస్ లేని కారు కాబట్టి, చక్రం వేగం చదవడానికి సెన్సర్ లెక్కపెట్టే పళ్ళ రింగులు, సెన్సర్ పట్టీలు కొత్తగా చేయించాలి. ఖర్చు తగ్గుతుందని చక్రం బోల్టుల తలల్నే లెక్కపెట్టించేవాళ్ళు ఉన్నారు. గ్రిఫిత్ ముందు చక్రం ఒక చుట్టుకి దాదాపు 1.9 మీటర్లు దొర్లుతుంది. 48 పళ్ళ రింగు ఉంటే 4 సెంటీమీటర్లకు ఒక సంకేతం వస్తుంది. 5 బోల్టులైతే 38 సెంటీమీటర్లకు ఒకటి. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో ఈ లెక్కన ఒక సంకేతానికీ మరోదానికీ మధ్య సెకనులో పదిహేనో వంతు గడిచిపోతుంది, ఈలోపు వెనక చక్రం చేయాల్సిన పని చేసేస్తుంది. రింగుల దగ్గర డబ్బు ఆదా చేయకండి. పైగా ఈ కారుకి ముందు 15 అంగుళాల చక్రాలు, వెనక 16. ఆ తేడాను సిస్టమ్‌కి ముందే నేర్పించకపోతే తిన్నగా వెళుతున్నా లెక్క తప్పుతుంది.

పాత లూకాస్ ఈసీయూ తీసేసి, లోపలే ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న కొత్త ఈసీయూ పెట్టడం ఇంకో దారి. ఖర్చు, ట్యూనింగ్‌కి పట్టే సమయం రెండూ ఎక్కువే. కానీ పని నాణ్యత వేరు. ముందు ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) కొద్దిగా వెనక్కి జరిపి శక్తిని మెల్లగా తగ్గిస్తుంది, చాలకపోతేనే సిలిండర్లు ఆపుతుంది. డ్రైవర్‌కి కుదుపు తక్కువ. స్పార్క్ మాత్రమే ఆపేలా సెట్ చేసే మెకానిక్‌ని దూరం పెట్టండి. మండని పెట్రోల్ ఎగ్జాస్ట్‌లోకి వెళ్ళి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది.

చక్రాలకు సెన్సర్లే లేకుండా, ఇంజిన్ ఆర్‌పీఎం ఎంత త్వరగా పెరుగుతోందో చూసి ఊహించే చవక పద్ధతీ ఉంది. డ్రాగ్ రేసులకు సరే. గతుకుల రోడ్డు మీద మలుపులో దాన్ని నమ్మలేం.

నా ఓటు ఇలా: టైర్లు, సస్పెన్షన్, కేబుల్ పని ఎవరికైనా తప్పదు. ఆపైన, ఇంజిన్ వైరింగ్ ఎలాగూ తిరగదోడించే ఆలోచన ఉన్నవాళ్ళు నాలుగు సెన్సర్లతో కొత్త ఈసీయూకి వెళ్ళాలి. కారుని ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంచుకోవాలనుకునేవాళ్ళకు విడి కిట్ మేలు.

రెండింటిలో ఏది పెట్టినా, యాక్సిలరేటర్ నొక్కినప్పుడే అది కాపాడుతుంది. మలుపు మధ్యలో భయపడి కాలు ఒక్కసారిగా తీసేస్తే బరువు ముందుకు వాలి, వెనక పట్టు జారుతుంది. అప్పుడు తగ్గించడానికి ఇంజిన్ శక్తే ఉండదు. బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకుపోవడాన్నీ ఇది ఆపలేదు. కొత్త కార్లలో ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేసే స్టెబిలిటీ కంట్రోల్ వేరే సంగతి. ఆ నమ్మకం ఇక్కడ పెట్టుకోకూడదు. బిగించాక ట్రాఫిక్ లేని ట్రాక్ మీద, నేల తడిపి, తక్కువ వేగంలో పరీక్షించి నాబ్ ఎక్కడుంచాలో తేల్చుకోండి. ఈ మార్పు గురించి ఇన్సూరెన్స్ వాళ్ళకు రాతపూర్వకంగా చెప్పండి. విప్పిన పాత ఈసీయూ, వైరింగ్ పారేయకుండా కారుతో పాటే ఉంచండి, తర్వాత కొనేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.